బాణం దారం

మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చాను. కునుకు పట్టీ పట్టకముందే పక్క గదిలోంచి రేకుల మీద తొలకరి చినుకులు పడుతున్నట్టు చప్పుడు వినిపించింది. ఈ ఎండల్లో వానేమిటని లేచి వెళ్ళి చూశాను. వాన కాదు. మా మనవరాలు షారోన్ కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో పాతకాలపు యుద్ధం ఆడుతోంది. డాక్టరు చదువు కోసం చైతన్యపురిలో కోచింగుకి వెళ్తోంది, బుర్ర వేడెక్కినప్పుడల్లా ఇలా కాసేపు రాజ్యాలు గెలుస్తుంటుంది. తెర మీద పచ్చటి మైదానం, అందులో చీమలంత మనుషులు, ఒక్కసారిగా ఆకాశంలోకి లేచి రాలుతున్న బాణాలు. నేను విన్న వాన అదే. విలుకాళ్ళనందరినీ బారుగా ముందు వరసలో నిలబెట్టింది మా బంగారు తల్లి. కుడివైపు చెట్ల చాటు నుంచి గుర్రాలు బయల్దేరాయి.

"వాళ్ళని వెనక్కి తియ్యవే! ఆ మిట్ట మీదికి పంపు. ఈటెలోళ్ళని ముందుకు తే, జల్ది!" అన్నాను.

అది కంగారుగా ఏదో నొక్కి, తర్వాత కుర్చీ తిప్పి నావైపు వింతగా చూసింది. "అమ్మమ్మా, నీకు గీ ఆట ఎట్ల తెలుసు?"

ఏమని చెప్పను? ఎండలో కొడుతున్న చింతపండు పుల్లటి వాసన గది నిండా కమ్ముకుంది. ఆ వాసన ఇక్కడిది కాదని నాకు తెలుసు. నాకు పదిహేడేళ్ళప్పుడు మా ఇంటి ఎదురింట్లో ఉన్న సుభద్ర టీచర్ వరండాలోది అది.

ఆవిడ్ని చూసినవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి నేనే చెప్పాలి. సన్నగా, పొడుగ్గా ఉండేది. నల్ల కళ్ళద్దాలు ముక్కు మీద నిలిచేవి కావు, మాటకోసారి పైకి తోసుకునేది. బెజవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడి ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మా అమ్మ ఒకసారి అడిగితే, "యుద్ధాలతో తీరిక లేక వదినగారూ" అని నవ్వేసింది. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే మీరు ఇప్పటి ఊరిని ఊహించుకోకండి. మెయిన్ రోడ్డు దిగితే మట్టిదారులు, అక్కడొకటి ఇక్కడొకటి పెంకుటిళ్ళు, చిన్న డాబాలు, ఇప్పుడు ఎల్.బి. నగర్ అని పిలుస్తున్న వైపంతా ద్రాక్ష తోటలు. సాయంత్రం గాలి అటునుంచి వీస్తే తీగల తడి వాసన మా గుమ్మం దాకా వచ్చేది. ఆ తోటల్లో ఒకటి మా ఇళ్ళ యజమాని వాళ్ళది. తరతరాలుగా ఆ నేల వాళ్ళదే. ఆయన భార్య బాలమణమ్మ టీచర్ని కిరాయికి ఉన్న మనిషిలా కాక ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకునేది. మేము నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న దవాఖానలో కంపౌండరు. అన్న పేరు దేవదానం, అందరికీ దానం. నేను ఎస్తేరును, పి.యు.సి. చదువుతున్నాను. చదువుతున్నాను అనడమే గాని ఆ ఏడాది కాలేజీలు తెరిచి ఉన్నది తక్కువ. అది అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బస్సులు ఎప్పుడు నడుస్తాయో, బళ్ళు ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదు.

బడి మూతపడితే టీచర్ వరండానే బడి అయింది. పెద్దపరీక్ష రాయాల్సిన ఆడపిల్లలు, ఇక్కడివాళ్ళూ అక్కడివాళ్ళూ, పొద్దున్నే వచ్చి చాపల మీద కూర్చునేవారు. నేను వాళ్ళకి లెక్కలు చెప్పేదాన్ని. మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోయాక టీచర్ మంచం కింది నుంచి ఒక పాత ట్రంకుపెట్టె లాగేది. అందులో కొండపల్లి బొమ్మలు. దశావతారాలూ తాడిచెట్లూ కాదు, సైన్యాలు. అంబారీ ఏనుగులు, గుర్రపు రౌతులు, ఈటెలవాళ్ళు, విలుకాళ్ళు. డ్రాయింగు మాస్టారైన వాళ్ళ నాన్న కూతురికి చరిత్ర చెప్పడం కోసం కొండపల్లి వెళ్ళి, దగ్గర కూర్చుని చేయించాడట. కొందరు విలుకాళ్ళకి విల్లు విరిగిపోతే చీపురుపుల్ల వంచి అతికించి ఉండేది. వరండాలో మడతపెట్టిన బొంత కొండ, పాత నీలంచీర వాగు, మల్లె కొమ్మలు అడవి. తెల్లటి ద్రాక్ష గుత్తి ఒకటి పళ్ళెంలో పెట్టుకుని ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. బయట ఎండ పెటపెటలాడుతుండేది. లోపల గోలకొండ ముట్టడి జరుగుతుండేది. ఆ మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో, నేను వాటిలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదేమో అనిపిస్తుంది.

ఆట పెద్ద కష్టమేమీ కాదు. విలుకాడి బాణం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఎర్రదారం ఉండేది, చివర చిన్న ముడితో. విలుకాడి కాళ్ళ దగ్గర ఒక కొస పెట్టి లాగితే, ముడి లోపల ఉన్నవాడు అందినట్టు, బయట ఉన్నవాడు బతికినట్టు. దాన్ని బాణం దారం అనేది టీచర్. అందినవాళ్ళలో ఎంతమంది పడ్డారో చింతగింజలు చెప్పేవి. ఒకవైపు అరగదీసి తెల్లగా చేసిన గింజలు గుప్పెట్లో గలగలలాడించి వేస్తే, ఎన్ని తెల్లగా పడితే అంతమంది నేలకూలినట్టు.

మొదటిరోజు నేను చేసిన పని షారోన్ చేసినదే. విలుకాళ్ళందర్నీ ముందుకు తెచ్చి నిలబెట్టాను. టీచర్ గుర్రాలు మల్లె అడవి చాటునుంచి వచ్చి వాళ్ళని తుడిచిపెట్టేశాయి.

"ముందు ఎందుకు పెట్టావమ్మాయ్?" అంది.

నాకు పౌరుషం వచ్చింది. "దావీదు ముందరికి పోయే గొల్యాతును కొట్టిండు టీచర్. మా పాస్టర్ గారు చెప్పిండు. ఒక్కడే పోయిండు, వడిసెల పట్టుకొని."

టీచర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు ఆలోచించింది. నా మాటని అంత గౌరవంగా ఆలోచించిన మనిషి అంతవరకూ నాకెవరూ తగల్లేదు. "మంచి ప్రశ్నే. అయితే ఒకటి చెప్పు. ఆ గొల్యాతు చేతిలో ఏముంది? ఈటె, కత్తి. దావీదు ఆ ఈటె అందేంత దగ్గరికి వెళ్ళాడా? వెళ్ళలేదు. తన రాయి అందాలి, వాడి కత్తి అందకూడదు. అలాంటి చోటు చూసుకుని ఆగాడు. అతని ధైర్యం గురించి అందరూ చెబుతారుగానీ, అతను ఆగిన చోటు గురించి ఎవరూ చెప్పరు."

ఆ మాట విన్నాక మా ఇంట్లో బైబిలు చదివేటప్పుడు కూడా నా ధ్యాస అంతా ఆ ఆగిన చోటు మీదే ఉండేది. తర్వాత్తర్వాత ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. విలుకాడికి మిట్ట కావాలి, ఎందుకంటే అక్కడి నుంచి బాణమూ దూరం పోతుంది, చూపూ దూరం పోతుంది. ముందు ఈటెలవాళ్ళ వరస ఉండాలి, పక్కన వాగో ముళ్ళకంపో ఉండాలి, లేకపోతే గుర్రాలు చుట్టుముడతాయి. చదునైన నేల మీద మనవాళ్ళ వీపుల వెనక నిలబెట్టకూడదు, వాళ్ళ బాణాలు మనవాళ్ళ వీపులకే తగులుతాయి. కాస్త పక్కకి, ఏటవాలుగా పెట్టాలి. అన్నిటికంటే పెద్ద నియమం మాత్రం ఆవిడ చెప్పలేదు, చేసి చూపించింది. రెండు సైన్యాలూ కలిసి కలబడగానే తన విలుకాళ్ళని ఒక్కొక్కరినీ తీసి నేలమీద పడుకోబెట్టింది.

"ఏమైంది టీచర్, వాళ్ళు సచ్చిపోయిండ్రా?"

"లేదు. విల్లు దించారు. ఇప్పుడు వాళ్ళు వేస్తే ఎవరికి తగులుతుందో వాళ్ళకే తెలియదు. దూరం నుంచి కొట్టేవాడికి ముఖం కనిపించాలి. కనిపించకపోతే కొట్టకూడదు."

అన్న ఒక్కసారి ఆ ఆట ఆడాడు. నన్ను పిలవడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కాసేపు చూసి, నన్ను లేవమని తనే కూర్చున్నాడు. విలుకాళ్ళని తీసుకెళ్ళి సరిగ్గా బొంత కొండ మీద, ముందు వాగు ఉండేలా పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే అలా పెట్టినందుకు టీచర్ ముఖం వెలిగిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?"

"జొన్నచేన్ల టీచర్. మంచె మీద నిలవడి వడిసెలతోని పిట్టలను కొట్టేటోళ్ళం. మంచె ఏడ కట్టాల్నో తెల్వకుంటె పంటంత పిట్టల పాలే."

"చూశావా ఎస్తేరూ, మీ ఇంట్లోనే సేనాపతి ఉన్నాడు!" అంది. అన్న సిగ్గుపడ్డాడు. కానీ సైన్యాలు కలబడ్డాక వాడు విల్లు దించలేదు. గింజలు వేస్తూనే ఉన్నాడు. టీచర్ పడిపోయిన బొమ్మల్ని ఒక్కొక్కటీ తీసి వాడి ముందు పెట్టింది. సగం వాడి బొమ్మలే. వాడికి కోపం వచ్చింది. "లడాయిల గింత పరేషాన్ అయితే గెలుస్తమా టీచర్?" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ కోపం బొమ్మల మీద కాదని టీచర్‌కీ తెలుసు, నాకూ తెలుసు. చదువుకుని ఉద్యోగం లేక తిరుగుతున్నాడు వాడు. తమకి రావలసిన కొలువులు బయటివాళ్ళు తన్నుకుపోతున్నారని రోజూ ఊరేగింపుల్లో వింటున్నాడు, తనూ అరుస్తున్నాడు. నేను తలదించుకుని కూర్చుంటే టీచరే అంది. "వాడి కోపంలో న్యాయముందే. ఆకలిగా ఉన్నవాడు అన్నం అడిగితే తప్పేముంది? ఎటు విసరాలో తెలియక వడిసెల తిప్పుతున్నాడు, అంతే."

వారం తిరక్కుండా టీచర్ తమ్ముడు బెజవాడ నుంచి వచ్చాడు, అక్కని తీసుకుపోవడానికి. ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని గోడల మీద రాతలు వెలిశాయి. నాలుగు వీధుల అవతల ఎవరింటి అద్దాలో పగిలాయని వార్త వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నట్టు నటిస్తూ మా వాకిట్లోంచి వింటున్నాను. ఆవిడ వెళ్ళిపోతే నేనేమైపోతానో నాకు తెలియదు. అంత భయం అంతకు ముందు ఎప్పుడూ పడలేదు. "పిల్లలు పరీక్ష రాయాలిరా. రాసిన మర్నాడు నేనే వస్తాను" అంటోంది. "పరీక్ష కాదక్కా, ప్రాణాలు చూసుకో" అని ఆయన బతిమాలాడు. బతిమాలి బతిమాలి ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆవిడ నిలుస్తుందా, తరిమేస్తారా అన్నది ఆ రోజు నుంచి నా గుండెల్లో రాయిలా కూర్చుంది.

అది చింతపండు కాలం. మావైపు ఆడవాళ్ళు చింతపండు ఒంటరిగా కొట్టరు. ఎవరింటి అరుగు చల్లగా ఉంటే అక్కడికి గంపలు మోసుకొచ్చి, చుట్టూ కూర్చుని, చిన్న రోకళ్ళతో కొట్టి గింజ తీస్తూ లోకంలోని కబుర్లన్నీ చెప్పుకుంటారు. ఆ ఉదయం పిల్లలు పాఠం అయి వెళ్ళిపోయారు. నేను బట్టలు ఆరేయడానికి మా డాబా ఎక్కాను. మా వీధి మెయిన్ రోడ్డులో కలిసే చోట, రోడ్డు వేయడానికి పోసిన కంకర కుప్ప ఉంది. దాని మీద కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. నడుమ మా అన్న. ఊరేగింపు నినాదాలు దూరంగా వినిపిస్తున్నాయి. చేతుల్లో కంకర రాళ్ళు. చూపులన్నీ టీచర్ ఇంటి వైపే.

నేను ఆ కుప్పని మా అన్న చెల్లెలిగా చూడలేదు, ఆవిడ శిష్యురాలిగా చూశాను. ఎత్తయిన చోటు. ముందు మురుగు కాలువ, ఎవరూ ఎదురెళ్ళి పట్టుకోలేరు. వెనక రోడ్డు మలుపు, పారిపోవడానికి. టీచర్ కిటికీలు దారం లోపలే ఉన్నాయి. మంచె ఎక్కడ కట్టాలో వాడికి తెలుసు. నేను వెళ్ళి బతిమాలితే వింటాడా? ఇంతమంది స్నేహితుల ముందు చెల్లెలి మాట ఏ అన్న వింటాడు? అంత మంచి చోట నిలబడిన విలుకాళ్ళని గెలవడానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే మిగిలింది.

మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. "అమ్మా, గంప పట్టుకొని టీచరింటికి రా. బాలమణమ్మను గూడ పిలువు. అందరిని పిలువు. ఏం అడగకు" అన్నాను. అమ్మ నా ముఖం చూసింది, రోడ్డు వైపు చూసింది. నిజంగానే ఏమీ అడగలేదు. కొంగు దోపుకుని గంప ఎత్తుకుంది. బాలమణమ్మ తన గంపతో, వాళ్ళ కోడళ్ళతో వచ్చింది. పక్కవీధి వాళ్ళూ వచ్చారు. టీచర్ తలుపు తీసేసరికి వరండా నిండిపోయింది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. అమ్మ ఆవిడ చేతిలో కూడా ఒక రోకలి పెట్టి, "కూసోండ్రి టీచరమ్మా, జర చెయ్యేయుండ్రి" అంది. టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. కిటికీల ముందు, తలుపు ముందు, మెట్ల మీద, అంతటా తలలే. వాటిలో ఏది టీచర్ తలో, ఏది అమ్మ తలో కంకర కుప్ప మీద నుంచి చెప్పడం ఎవరి తరం కాదు.

నేను స్తంభం పక్క నిలబడి చూస్తున్నాను. కుప్ప మీద ఏదో వాదులాట. ఒకడు రాయి పైకెత్తాడు, పక్కనున్న బాలమణమ్మ మనవడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఒకడు దిగాడు. ఇంకొకడు దిగాడు. అన్న ఒక్కడే మిగిలాడు. వాడి చేతిలో రాయి అలాగే ఉంది. వాడు మమ్మల్ని చూస్తున్నాడో, బొంత కొండ మీది బొమ్మల్ని చూస్తున్నాడో నాకు తెలియదు. చివరికి వంగి, ఆ రాయిని విసిరేయకుండా, మెల్లగా కుప్ప మీదే పెట్టి దిగివచ్చాడు.

వీధిలోంచి తలవంచుకుని పోతున్న వాణ్ణి అమ్మ పిలిచింది. "ఏంది బిడ్డా, గింత ఎండల గాడ ఏం జేస్తున్నవ్? ఇటు రా, నీళ్ళు తాగు."

టీచర్ లేచి తన కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వాడు తాగాడు. నీళ్ళు గడ్డం మీంచి చొక్కా మీదికి కారాయి. నాకు ఏడుపు ఆగలేదు.

అందరూ వెళ్ళాక ఆవిడ నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ నా భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "మీ అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టావా? నాకోసమా? ఆ రాయి వచ్చి ఉంటే? ఆట ఆడనివాళ్ళకి నియమం ఎలా తెలుస్తుందే, పిచ్చిదానా!"

"దానం ఆడిండు కదా టీచర్" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది, అవి ఎంతకీ శుభ్రం కాలేదు.

పిల్లలు పరీక్షలు రాసేదాకా ఆవిడ నిలిచింది. రాసిన మర్నాడు, చెప్పినట్టే, బయల్దేరింది. ఎంతమంది ఉండమన్నా వినలేదు. పెట్టె రిక్షాలోకి ఎక్కించింది అన్నే. ఆ ఎర్రదారం నాకిస్తుందని నేను చెయ్యి చాపి కూడా ఉన్నాను. ఆవిడ దాన్ని వాడి చేతిలో పెట్టింది.

"ఆ రోజు నీకు మా కిటికీ అందేదా నాయనా?"

వాడు నేల చూశాడు. "అందేది టీచర్. మీరు లోపల ఒక్కరే ఉన్నరనుకొని కుప్ప ఎక్కినం. ఎవరు ఎవరో కనవడలే, దించిన."

"అది చాలు. ఎస్తేరుకి నా దారం అక్కర్లేదు, నీకు కావాలి. నువ్వు ఇంకా చాలా దూరాలు కొడతావు" అని వాడి తల నిమిరింది. నాకు ఒళ్ళంతా అసూయే. రిక్షా మలుపు తిరిగేదాకా ఆవిడ గొడుగు కనిపించింది. తర్వాత ఎక్కడ ఉన్నదీ, ఎలా ఉన్నదీ మాకు తెలియలేదు. ద్రాక్ష తోటలు కూడా ఆ దారినే ఒక్కొక్కటీ వెళ్ళిపోయాయి.

ఆవిడ అన్నట్టే వాడు చాలా దూరాలు కొట్టాడు. బస్సు డిపోలో కార్మికుల నాయకుడై జీవితమంతా కొట్లాడాడు. మళ్ళీ తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నెరిసిన జుట్టుతో మళ్ళీ ఊరేగింపుల్లో నడిచాడు. కుర్రాళ్ళు ఆవేశంతో ఊగిపోతుంటే, "ఆగుండ్రి, ముఖం కనవడ్తలేదు" అనేవాడట. ఆ మాటకి అర్థం వాళ్ళెవరికీ తెలియదు. కిందటి క్రిస్మస్ తర్వాత వాడు పోయాడు. వాడి బైబిలు వదిన నాకిచ్చింది. పేజీల నడుమ ఆ దారం, రంగు వెలిసి, ముడి మాత్రం అలాగే.

దాన్ని తెచ్చి, ఒకప్పుడు మా విలుకాళ్ళ బాణం ఇంత దూరమే పోయేదని షారోన్‌కి చూపించాను. ఒక కొస అది పట్టుకుంది, ఒక కొస నేను. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కూడా రాలేదు. "గింతేనా అమ్మమ్మా?" అంది. ఇంతే అన్నాను. అంతలో తెర మీద గుర్రాలూ ఈటెలవాళ్ళూ కలిసిపోయారు, మిట్ట మీద నుంచి బాణాలు కురుస్తూనే ఉన్నాయి. అది తన కొస వదలకుండానే ఇంకో చేత్తో ఏదో నొక్కింది. వాన ఆగిపోయింది.

"మనోళ్ళు గూడ అండ్లనే ఉన్నరు" అంది, తనలో తాను అనుకున్నట్టు.

ఆ నిశ్శబ్దంలో నాకు చింతపండు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఎండలోంచి మా అమ్మ ఎవరినో పిలుస్తోంది, ఇటు రా బిడ్డా, నీళ్ళు తాగు అని.